రొట్టె రాయి శుభ్రత: నిప్పు నుంచి వంటసోడా దాకా

పిజ్జా రాయి అంటే పొయ్యి అడుగును విడదీసి ఇంటి ఓవెన్‌లోకి తెచ్చుకున్న పలక. సాధారణంగా 35 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, సెంటీమీటరున్నర మందం ఉంటుంది. పిండిముద్దను నేరుగా దాని మీదే వేస్తారు. అడుగున పళ్లెం ఉండదు, నూనె పూత ఉండదు. రాయి పిండిలోని తడిని పీల్చుకుంటూ, తనలో దాచుకున్న వేడిని ఒక్కసారిగా వదులుతూ రొట్టె అడుగును కరకరలాడేలా కాలుస్తుంది. తడిని పీల్చే ఈ గుణమే నూనెనూ, చీజ్‌లోని కొవ్వునూ, సబ్బు నీళ్లనూ కూడా లోపలికి లాగేస్తుంది. అందుకే రాయిని ఎలా శుభ్రం చేయాలి, దానికి పట్టిన వాసన ఎలా పోతుంది అన్న ప్రశ్న దాన్ని కొన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు తలెత్తుతుంది. అయితే వేడి రాతి మీద రొట్టె కాల్చడం రెండు వేల ఏళ్లకు పైబడిన పని. అందులో చాలా కాలం పాటు ఈ వాసన గొడవ ఎవరికీ తెలియదు. పొయ్యి మారుతూ వచ్చిన క్రమాన్ని చూస్తే అది ఎప్పుడు, ఎందుకు మొదలైందో తెలుస్తుంది.

క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో రోమన్ రాజనీతిజ్ఞుడు కేటో రాసిన వ్యవసాయ గ్రంథంలో దేవుడికి నైవేద్యంగా పెట్టే ఒక చీజ్ రొట్టె తయారీ ఉంది. ముద్దను వేడెక్కిన పొయ్యిగడ్డ మీద ఆకులు పరిచి పెట్టాలి, పైన మట్టి మూత బోర్లించాలి, నిదానంగా కాలనివ్వాలి. నేల మీది బూడిద రొట్టెకు అంటకుండా, రొట్టెలోని చీజ్ నేలకు అంటకుండా ఆ ఆకులే అడ్డుపడ్డాయి. రాయి మురికి కాకుండా ముందే చూసుకోవడం అన్న ఆలోచన అంత పాతది.

నగరాల్లో రొట్టె వ్యాపారం పెరిగాక పని పెద్ద బట్టీలకు మారింది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై కప్పేసిన పాంపే నగరంలో దాదాపు 30 రొట్టెల బట్టీలు బయటపడ్డాయి. వాటిలో మోడెస్టస్ పేరుతో పిలిచే బట్టీలో 1862 నాటి తవ్వకాల్లో 81 రొట్టెలు బొగ్గుగా మారి దొరికాయి. ఆనాటి పొయ్యి నిర్మాణం ఇవాళ్టి కట్టెల పొయ్యికి పెద్ద తేడా లేనిది. ఇటుకలతో గుమ్మటం, కింద చదునైన నేల, ముందు ఒకే నోరు. కట్టెలను అదే నేల మీద మండించేవారు, నిప్పు తీసేశాక అదే నేల మీద రొట్టెలు పెట్టేవారు. నిప్పుకూ రొట్టెకూ ఒకటే గది కావడం వల్ల నేలను ప్రతి విడతకూ శుభ్రం చేయక తప్పేది కాదు. ఆ శుభ్రతలో ప్రధాన భాగం నిప్పే చేసిపెట్టేది. ముందటి విడతలో ఒలికినవన్నీ కొత్త మంట కింద కాలి బూడిదయ్యేవి. మనిషి చేయాల్సింది ఆ బూడిదను బయటికి లాగడమే.

మధ్యయుగాల ఐరోపా పల్లెల్లో ఊరంతటికీ కలిపి ఒకటో రెండో పొయ్యిలు ఉండేవి. ఫ్రాన్సులో చాలాచోట్ల రైతులు భూస్వామి పొయ్యిలోనే రొట్టె కాల్చుకుని రుసుము చెల్లించాలన్న నిర్బంధం ఉండేది. అది విప్లవకాలంలో రద్దయింది. అన్ని ఇళ్ల రొట్టెలూ ఒకే నేల మీద కాలే చోట ఆ నేలను చూసుకునే బాధ్యత పొయ్యి నడిపేవాడిది. అతని పనిలో ఒక క్రమం ఉండేది. మంట మొదట్లో గుమ్మటం లోపలి ఇటుకలన్నీ మసితో నల్లబడతాయి. వేడి బాగా ఎక్కేసరికి ఆ మసి కూడా కాలిపోయి ఇటుకలు మళ్లీ తెల్లగా తేలతాయి. పొయ్యి సిద్ధమైందనడానికి అదే గుర్తు, వేడిని కొలిచే సాధనాలు రాకముందు ఇంతకన్నా నమ్మదగినది లేదు. అప్పుడు పొడుగాటి పిడి ఉన్న ఇనుప పారతో నిప్పులను నోటి దాకా లాగి దించేవాడు. తర్వాత గడకర్రకు కట్టిన తడి గోనెగుడ్డతో నేలంతా ఊడ్చేవాడు. బుస్సుమంటూ ఆవిరి లేచి, మిగిలిన నుసి గుడ్డకు అంటుకుని వచ్చేసేది. ఆఖరున గుప్పెడు పిండి నేల మీద చల్లి చూసేవాడు. చల్లగానే నల్లబడితే ఇంకాస్త ఆగాలి, మెల్లగా ఎర్రబారితే రొట్టెలు పెట్టొచ్చు. లాగిన బూడిద కూడా పారబోసేది కాదు. నీళ్లలో నానబెట్టి వడగడితే వచ్చే క్షారజలం బట్టలుతకడానికి పనికొచ్చేది.

ఈ క్రమంలో సబ్బుకు తావు లేదు. రాతికి సబ్బు మంచిది కాదని వాళ్లెవరూ సిద్ధాంతం చేయలేదు, దాని అవసరమే రాలేదు. మసి కాలిపోయేంత వేడికి కొవ్వు కూడా కాలిపోతుంది, కొవ్వుతోపాటు వాసనా పోతుంది.

నేపుల్స్ నగరంలో ఈ పద్ధతి పతాకస్థాయికి చేరింది. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో అక్కడ పిజ్జా వీధుల్లో పేదలు తినే చవక తిండి. 1738లో వీధి వ్యాపారులకు పిజ్జాలు సరఫరా చేసే చోటుగా మొదలై 1830లో కూర్చుని తినే దుకాణంగా మారిందని చెప్పే పోర్ట్ ఆల్బా అక్కడ పేరుపొందిన పాత దుకాణం. పల్లె రొట్టె పొయ్యికీ నేపుల్స్ పొయ్యికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పిజ్జా కాలుతుండగా నిప్పు బయటికి పోదు. పొయ్యిలోనే ఒక పక్క మండుతూ ఉంటుంది. నేపుల్స్ పిజ్జా ప్రమాణాలను కాపాడడానికి 1984లో ఏర్పడిన సంఘం నిబంధనల ప్రకారం గుమ్మటం వేడి దాదాపు 485 డిగ్రీల సెల్సియస్, నేల వేడి 380 నుంచి 430 డిగ్రీలు, పిజ్జా కాలే సమయం 60 నుంచి 90 సెకన్లు. 2017లో యునెస్కో నేపుల్స్ పిజ్జా తయారీదారుల కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

అంత వేడిలో పిజ్జా అడుగు మాడకపోవడం నేలరాయి గొప్పతనం. సొరెంటో ద్వీపకల్పంలోని మయానో దగ్గర అగ్నిపర్వత మట్టి కలిపిన బంకమన్నును చేత్తో అచ్చుపోసి, ఆరబెట్టి, కట్టెల బట్టీలో కాల్చి ఈ పలకలు చేస్తారు. వీటిలో సన్నని రంధ్రాలు ఎక్కువ, వేడి వీటి గుండా నిదానంగా ప్రవహిస్తుంది. అందువల్ల నేల 400 డిగ్రీలు దాటినా పిండికి అందే వేడి హద్దులో ఉంటుంది. రంధ్రాలున్న రాయి జిడ్డు పీలుస్తుంది కదా అన్న శంక సహజం. పీలుస్తుంది. కానీ ఆ వేడికి నిమిషాల్లో కాల్చేస్తుంది కూడా.

అక్కడ పనివాళ్లను వేధించేది జిడ్డు కాదు, పిండి. ముద్ద అంటుకోకుండా చల్లిన పొడిపిండి ప్రతి పిజ్జాతోనూ కాస్త నేల మీద మిగిలిపోతుంది. క్షణాల్లో మాడి, తర్వాతి పిజ్జా అడుగుకు అంటుకుని చేదెక్కిస్తుంది. అందుకని పొడుగు పిడి కుంచెతో మాటిమాటికీ నేలను ఊడ్చి, నుసిని నిప్పు వైపు తోసేస్తారు. కుంచె ఇత్తడి తీగెలదో, గట్టి నారదో అయి ఉంటుంది. ఉక్కు తీగెలు మెత్తటి మట్టి పలకను గీరేస్తాయి. టమాటా గుజ్జో చీజో ఒలికితే చూడదగిన చమత్కారం ఒకటి చేస్తారు. మండుతున్న నిప్పుల్లో కొన్నింటిని ఆ మరక మీదికి జరిపి కాసేపు వదిలేస్తారు. మరక బొగ్గై, బొగ్గు బూడిదై రాలిపోతుంది. నిప్పులను వెనక్కి నెట్టి ఒకసారి ఊడిస్తే చోటు తెల్లగా తేలుతుంది. రాతిని శుభ్రం చేయడంలో ఇంతకు మించిన పద్ధతి తర్వాత ఎవరూ కనిపెట్టలేదనే చెప్పాలి.

పొయ్యి లోపల కాక నిప్పు మీద పెట్టిన రాతిపై రొట్టె కాల్చే ఆచారం వేరే దారిలో నడిచింది. నార్వేలోని హార్డాంగర్ ప్రాంతంలో, ఓల్వే గ్రామం దగ్గర మధ్యయుగాల నుంచీ మెత్తటి రాతిని పలచని పలకలుగా కోసి రొట్టె కాల్చడానికి దూరప్రాంతాలకు పంపేవారు. అమెరికాలోని అరిజోనాలో హోపీ జాతి స్త్రీలు నునుపు చేసిన ఇసుకరాతి పలక మీద పికి అనే రొట్టెను నేటికీ కాలుస్తారు. నీలి మొక్కజొన్న పిండిలో మొక్కల బూడిద కలిపి జారుగా చేసి, కాలుతున్న రాతి మీద ఒట్టి చేత్తో ఒక్క విసురుగా రాస్తారు. కాగితమంత పలచని రొట్టె క్షణంలో లేచి వస్తుంది. అలా లేచి రావడానికి రాతిని ముందు ఎంతో శ్రమపడి సిద్ధం చేస్తారు. గులకరాళ్లతో నున్నగా రుద్దుతారు. వేడెక్కించి, పుచ్చ, గుమ్మడి లాంటి గింజలను నూరి రుద్దుతూ వాటి నూనెను రాతిలోకి ఇంకిస్తారు. నూనె వేడికి గట్టిపడి నల్లటి అద్దం లాంటి పూత అవుతుంది. అలాంటి రాయి తల్లి నుంచి కూతురికి వస్తుంది. దాన్ని కడగరు. గుడ్డతో తుడిచి, మళ్లీ గింజల నూనె రాస్తారు.

తెలుగు ఇళ్లకు పరిచయమైనది ఈ రెండో దారే. పులుసు కాచే రాచిప్పను కొత్తగా తెచ్చినప్పుడు కొన్నాళ్లు గంజిలో నానబెట్టి, నూనె, పసుపు పట్టించి, సన్న సెగ మీద వాడకానికి అలవాటు చేసేవారు. వేడిగా ఉన్న రాచిప్పలో చన్నీళ్లు పోస్తే పగులుతుందని ఇంటి ఆడవాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. జొన్నరొట్టెల మట్టి పెనం తీరూ దాదాపు అంతే. హైదరాబాద్ పత్థర్ కా గోష్త్‌లో కాలే గ్రానైట్ పలక మీద మసాలా పట్టించిన మాంసాన్ని నూనెతో వేయిస్తారు కాబట్టి అదీ ఈ కోవలోదే. వీటన్నిటిలో నూనె రాతికి శత్రువు కాదు. రోజూ నిప్పు మీదికెక్కే రాతిలో నూనె పాతబడే తీరిక ఉండదు.

అంటే చరిత్రలో రొట్టె రాతిని కాపాడిన పద్ధతులు రెండు. ఒకటి అంతా కాలిపోయేంత వేడి, రెండోది నూనెను పూతగా మార్చే నిత్య వాడకం. ఇవాళ్టి పిజ్జా రాతికి ఈ రెండూ కొరవడ్డాయి.

ఆ మార్పు అమెరికాలో జరిగింది. ఇటలీ నుంచి వలస వెళ్లినవాళ్లు న్యూయార్క్‌లో పిజ్జా దుకాణాలు పెట్టారు. 1905 నాటి లొంబార్డీస్ వాటిలో మొదటిదిగా ప్రసిద్ధి. అక్కడి పొయ్యిలు బొగ్గువి, వేడి నేపుల్స్ పొయ్యిలకు తీసిపోయేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గ్యాస్‌తో నడిచే డెక్ ఓవెన్లు వచ్చాయి. కట్టె అక్కర్లేదు, బూడిద ఉండదు, కొత్త పనివాడు కూడా నడపగలడు. పిజ్జా అమెరికా అంతటా పాకడానికి ఈ ఓవెన్లు చాలా సాయపడ్డాయి. అయితే వీటి నేల వేడి సుమారు 300 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఒలికిన చీజ్ ఆ వేడిలో మాడి నల్లటి పెచ్చు కడుతుంది గానీ పూర్తిగా బూడిద కాదు. నిప్పు చేసే పనిని గీకుడు పారలు, తీగె కుంచెలు నెత్తిన వేసుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాతి అడుగు ఇంటి వంటగది. జూలియా చైల్డ్, సిమోన్ బెక్ 1970లో తెచ్చిన ఫ్రెంచ్ వంటల పుస్తకం రెండో సంపుటం ఇంటి ఓవెన్‌లో దుకాణం లాంటి రొట్టె చేయడం ఎలాగో వివరించింది. ఆ ప్రయోగాల్లో మొదట ఆస్బెస్టాస్ సిమెంటు పలకను వాడారు. ఆస్బెస్టాస్ ప్రమాదకరమని తెలిశాక ఎర్రటి గచ్చు పెంకులకు మారారు. మెరుపు పూత లేని ఆ పెంకులను ఓవెన్ అరలో వరసగా పరిస్తే అదే చిన్న పొయ్యి నేల. తర్వాతి దశాబ్దాల్లో వంటసామాన్ల దుకాణాలు ఇదే అవసరానికి గుండ్రటి పలకలను అమ్మసాగాయి. కుండలు కాల్చే బట్టీల్లో అరలుగా వాడే కార్డియరైట్ పలకలు ఈ పనికి అన్నిటికన్నా బాగా కుదిరాయి. ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు లూయీ కార్డియే పేరు మీద 1813లో పేరు పెట్టుకున్న ఈ ఖనిజంలో మెగ్నీషియం, అల్యూమినియం, సిలికా ఉంటాయి. వేడికి ఇది చాలా తక్కువగా వ్యాకోచిస్తుంది, కాబట్టి హఠాత్తుగా వేడెక్కినా సులభంగా పగలదు. కార్ల పొగను శుద్ధిచేసే కన్వర్టర్లలో తేనెపట్టు లాంటి గడుల దిమ్మను దీనితోనే చేస్తారు. గ్రానైటుకు, ఇసుకరాతికి ఆ భద్రత లేదు. వాటిలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర నిర్మాణం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది.

రాయి ఇంటికి వచ్చింది, దానితో పాటు రావాల్సిన వేడి రాలేదు. అమెరికా ఇళ్ల ఓవెన్ 260 నుంచి 290 డిగ్రీల దగ్గర ఆగుతుంది. తెలుగు ఇళ్లలో కేకుల కోసం కొనే ఓటీజీలు చాలావరకు 250 డిగ్రీలకు మించవు. పైగా రాయి వాడకం వారానికో నెలకో ఒకసారి. మధ్య రోజుల్లో రంధ్రాల్లో ఇంకిన నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి విడిపోతూ ఉంటుంది. అందులో పుట్టే ఆల్డిహైడ్లే కనరు వాసనకు మూలం. చీజ్ కొవ్వు నుంచి విడివడే చిన్న ఆమ్లాలు పుల్లటి కుళ్లు వాసన ఇస్తాయి. మళ్లీ ఓవెన్ వెలిగించగానే ఇవన్నీ వేడికి ఎగసి, వాటికి సగం మాడిన పిండి కమురు వాసన తోడై ఇల్లంతా కమ్ముకుంటాయి. రాయి మీద వాసన అన్నది ప్రధానంగా ఇంటి ఓవెన్ తెచ్చిపెట్టిన సమస్య.

కొత్తగా కొన్నవాళ్లు దీన్ని పళ్లెంలాగే సబ్బుతో కడిగారు. సబ్బు నీళ్లు రంధ్రాల్లోకి ఇంకి, కడిగినా బయటికి రాక, తర్వాతి పిజ్జాలో సబ్బు రుచి తేలింది. నీళ్లలో నానబెట్టినవాళ్లకు ఇంకో ఇబ్బంది ఎదురైంది. నీరు ఆవిరైతే దాదాపు 1600 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరి బయటపడే దారి చాలక తడి రాయి ఓవెన్‌లోనే పగిలిపోయింది. సబ్బు వాడొద్దు, నానబెట్టొద్దు అన్న హెచ్చరికలు పిజ్జా రాళ్ల డబ్బాల మీద ఇవాళ మామూలైపోయాయి.

సబ్బు పోయిన చోటికి వంటసోడా వచ్చింది. అమెరికాలో ఆర్మ్ అండ్ హ్యామర్ కంపెనీ 1972లో ఫ్రిజ్‌లో వాసన పోవడానికి సోడా డబ్బా తెరిచి పెట్టమని పెద్ద ఎత్తున ప్రచారం చేసింది. వాసనకు మందు సోడా అన్న నమ్మకం అక్కడి ఇళ్లలో పాతుకుపోయింది. రాతి విషయంలో ఆ నమ్మకం సగం నిజం. సోడా పుల్లటి ఆమ్లాలను లవణాలుగా మార్చి ఎగరకుండా చేస్తుంది, సన్నని రజను కాబట్టి రాతిని గీయకుండా పెచ్చును రుద్దుతుంది. కనరు వాసనకు కారణమైన ఆల్డిహైడ్ల మీద మాత్రం దానికి పెద్దగా పట్టు లేదు. వాటిని తరిమేది వేడే.

ఆ వేడి కోసం కొందరు సెల్ఫ్ క్లీనింగ్ ఓవెన్‌ను ఆశ్రయించారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1963లో మార్కెట్లోకి తెచ్చిన ఈ ఓవెన్ తలుపు బిగించుకుని దాదాపు 480 డిగ్రీలకు వేడెక్కి లోపలి జిడ్డును బూడిద చేస్తుంది. అంటే నేపుల్స్ గుమ్మటం వేడి అన్నమాట. రాయి కూడా నిజంగానే తెల్లబడుతుంది. కాని బట్టీలో మనిషి పక్కన నిలబడి, పొగ బయటికి పోతూ జరిగే పని ఇక్కడ మూసిన పెట్టెలో జరుగుతుంది. జిడ్డు బాగా ఇంకిన రాయి దట్టంగా పొగలు కక్కుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది, లోపల తడి మిగిలి ఉంటే పగులుతుంది. చాలామంది తయారీదారులు వద్దనేది అందుకే, ఆ మాట వినడమే మంచిది.

ఈ అనుభవాలన్నీ కలిసి ఇంటి రాతికి ఒక పద్ధతి స్థిరపడింది. రాయి ఓవెన్‌లోనే పూర్తిగా చల్లారాలి. చెక్క లేదా ప్లాస్టిక్ గీకుడుతో పెచ్చులు లేపి, పొడి కుంచెతో ఊడవాలి. మరక ఇంకా ఉంటే సోడాను కొద్ది నీళ్లతో గట్టి ముద్దగా కలిపి ఆ చోట మాత్రమే రుద్ది, పిండిన గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత రోజు రెండు రోజులు గాలికి ఆరనివ్వాలి. తొందరపడితే రాయి దక్కదు. వాసన పోగొట్టాలంటే ఆరిన రాతిని చల్లటి ఓవెన్‌లో పెట్టి, మెల్లగా వేడి పెంచుతూ పూర్తి స్థాయికి తెచ్చి గంటసేపు ఉంచుతారు, కిటికీలు తెరిచిపెట్టి. నూనె ఎక్కువ తాగిన రాతికి ఇది రెండు మూడు సార్లు అవసరమవుతుంది. నల్లటి మచ్చలు మిగిలిపోతాయి, వాటి వల్ల రుచికి లోటేమీ లేదు. వాసన రాకుండా ఉండడానికి వాడేవారు చేయగలిగింది పిజ్జా మీద నూనె తగ్గించడం, కింద రవ్వ చల్లడం, చేపలూ మాంసమూ ఆ రాతి మీద నేరుగా కాల్చకపోవడం.

2010ల తర్వాత పరిస్థితి మళ్లీ మారుతోంది. రాతికి బదులు మందపాటి ఉక్కు పలకలు వచ్చాయి. వాటిలో రంధ్రాలు లేవు కాబట్టి వాసన పట్టదు. బదులుగా తుప్పు భయం ఉంటుంది, ఇనప పెనంలా నూనె రాసి కాపాడుకోవాలి. మరోవైపు పెరట్లో పెట్టుకునే చిన్న గ్యాస్, కట్టెల ఓవెన్లు 450 డిగ్రీలు దాటుతున్నాయి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల పెరళ్లలోనూ ఇవి కనిపిస్తున్నాయి. వీటిలోనూ నేల కార్డియరైట్ పలకే. మురికైన పలక చల్లారాక దాన్ని తిరగేసి పెడతారు, మరకల వైపు కిందికి పోతుంది. తర్వాతిసారి ఓవెన్ వెలిగించినప్పుడు ఆ మరకలు కాలి రాలిపోతాయి. రెండు వైపులా నున్నగా, పూత లేకుండా ఉన్న పలకలకే ఇది కుదురుతుంది. రాత్రి మంచుకు తడిసిన పలకను మాత్రం ముందు చిన్న మంట మీద ఆరబెట్టాకే పూర్తి వేడికి తీసుకెళ్లాలి.